అక్టోబరులో ఒంటరిగా వియన్నా: మూడు రోజుల తిండి, తిరుగుడు

ముందు మీ ప్రశ్న చదవని వాళ్ల కోసం రెండు ముక్కలు. మీరు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అక్టోబరు మూడో వారాంతం, శుక్రవారం మధ్యాహ్నం వియన్నాలో దిగి ఆదివారం సాయంత్రం రైలెక్కాలి. ఒంటరిగా వెళ్లడం ఇదే మొదటిసారి. బీఫ్ తినరు, మిగతావి ఫర్వాలేదు. రెస్టారెంట్లో ఒక్కరే టేబుల్ ముందు కూర్చోవాలంటే మొహమాటం. 18 ప్రదేశాలు లిస్టు రాసుకుని, వీటికి సిటీ పాస్ కొనడం లాభమేనా అని అడిగారు.

వియన్నాలో తొమ్మిదేళ్లు ఉన్నాను. మీ లిస్టు చూస్తే నవ్వొచ్చింది, ఎందుకంటే మొదటి రెండేళ్లు మా ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ నేను సరిగ్గా ఈ లిస్టు పట్టుకునే పరిగెత్తించాను. సాయంత్రానికి అందరి కాళ్లూ వాచిపోయేవి, ఏ ప్యాలెస్ ఏదో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ 18లో పన్నెండు కొట్టేయండి. పాస్ వద్దు. పాస్ చేతిలో ఉంటే పెట్టిన డబ్బు గిట్టాలన్న ఆరాటం మొదలవుతుంది, ఇక ప్రయాణమంతా లెక్కలే. మీరు వెళ్లాల్సిన మ్యూజియంలు ఒకటి, మహా అయితే రెండు. వాటికి విడిగా టికెట్ కొనుక్కోండి. సిటీ బస్సు, ట్రామ్, మెట్రోలకు మీరు ఉండే రోజులకు సరిపడే టికెట్ తీసుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: స్టేషన్లలో గేట్లు ఉండవు కదా అని కాగితం టికెట్ నేరుగా జేబులో పెట్టుకోకండి, నీలం పెట్టెలో ఒకసారి ముద్ర వేయించాలి. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లో తిరుగుతారు. దొరికితే 100 యూరోలకు పైనే వదులుతుంది.

గంటల వారీ ప్లాన్ కూడా వద్దు. అక్టోబరు వియన్నాలో వాతావరణం చెప్పినట్టు వినదు. పగలు 15 డిగ్రీల దాకా వచ్చి బంగారంలా ఎండ కాస్తుంది, మర్నాడే నగరం మీద ఎవరో బూడిదరంగు మూత పెట్టినట్టు పొగమంచు దిగి రోజంతా కదలదు. అందుకని రెండు చిన్న లిస్టులు చేసుకోండి, ఎండ లిస్టు ఒకటి, మబ్బు లిస్టు ఒకటి. ఎండ లిస్టులో ద్రాక్షతోటలు, షోన్‌బ్రున్ తోట. మబ్బు లిస్టులో మ్యూజియం, కాఫీహౌస్, శ్మశానం. (శ్మశానమేమిటి అనకండి, చెప్తాను.) పొద్దున లేచి కిటికీ తెర తీసి చూశాక ఆ రోజు దేనిదో తేల్చుకోండి.

ఇక మీ అసలు భయం, ఒక్కరే తినడం. నా ఉద్దేశంలో ఒంటరిగా కూర్చునేవాళ్లకి యూరప్‌లో ఇంతకన్నా అనువైన ఊరు లేదు. ఇక్కడ కాఫీహౌస్ అనేదే ఒంటరి మనిషి కోసం పుట్టినట్టుంటుంది. చిన్న గుండ్రటి పాలరాతి బల్ల, వెదురు కర్రలాంటి చట్రానికి బిగించిన న్యూస్‌పేపర్లు, గోడవార మెత్తటి బెంచీ. మెలాంజ్ అడగండి, మన పాల కాఫీకి దగ్గరగా ఉంటుంది, పైన నురగ. వెండి రంగు పళ్లెంలో కాఫీ కప్పు, పక్కన గ్లాసుడు మంచినీళ్లు, ఆ గ్లాసు మీద బోర్లించిన చెంచా. కాఫీ అయిపోయాక రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు, మంచి చోట అయితే అడక్కుండానే నీళ్ల గ్లాసు మార్చి పెడతారు. 2011లో ఈ కాఫీహౌస్ సంస్కృతిని ఆస్ట్రియా తన దేశపు యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చుకుంది. వెయిటర్ ముఖం మాడ్చుకుని ఉంటాడు. మీ మీద కోపం కాదు, ఆయన అందరితోనూ అంతే. వియన్నావాళ్లు దాన్ని కూడా సంస్కృతి కిందే లెక్కేస్తారు.

టర్కులు 1683లో ముట్టడి వదిలేసి పారిపోతూ పడేసిన కాఫీగింజల బస్తాలతో మొదటి కాఫీహౌస్ పెట్టారని గైడ్లు చెప్పే కథ వింటారు. వినడానికి బాగుంటుంది, నమ్మకండి. రికార్డుల ప్రకారం 1685లో కాఫీ అమ్మడానికి అనుమతి తెచ్చుకున్నది జొహానెస్ డియొడాటో అనే ఆర్మేనియా వర్తకుడు.

కఫే సెంట్రల్ మీ లిస్టులో మొదటిది. లోపలి కమానులు చాలా బాగుంటాయి, కాదనను, కానీ బయట క్యూలో అరగంట నిలబడి లోపల ఫొటోలు తీసేవాళ్ల మధ్య కాఫీ తాగాలి. దాని బదులు 1880 నాటి కఫే ష్పెర్ల్‌కి వెళ్లండి. బిలియర్డ్స్ బల్లలు, పాత సోఫాలు, నిజంగా పేపరు చదివే ముసలివాళ్లు ఉంటారు. రాత్రిపూట అయితే హవెల్కా. అక్కడ చీకటి పడ్డాక వేడివేడిగా బుఖ్‌టెల్న్ పెడతారు, లోపల ప్లమ్ పండ్ల జామ్ పెట్టిన మెత్తటి బన్నులు. పైన చల్లిన పంచదార పొడి నల్ల స్వెటర్ మీద పడకుండా తిన్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

జాఖర్‌టోర్టె అనే చాక్లెట్ కేకు సంగతి కూడా అడిగారు. అసలుది మాదంటే మాదని జాఖర్ హోటల్, డెమెల్ మిఠాయి దుకాణం ఏళ్లకేళ్లు కోర్టుల్లో కొట్టుకుని 1963లో రాజీపడ్డాయి. తేడా ఆప్రికాట్ జామ్‌లో ఉంది. జాఖర్‌వాళ్లు కేకు మధ్యలో కూడా ఒక పొర పూస్తారు, డెమెల్‌వాళ్లు పైన చాక్లెట్ కిందే పూస్తారు. నిజం చెప్పాలంటే రెండూ కాస్త పొడిగానే ఉంటాయి. పక్కన పెట్టే తీపి లేని మీగడతో కలిపి తింటేనే గొంతు దిగుతుంది. ఒకసారి రుచి చూస్తే చాలు, దాని కోసం క్యూ కట్టకండి.

బీఫ్ గురించి ఇక్కడ జాగ్రత్తగా చదవండి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ష్నిట్జెల్ అంటే బ్రెడ్ పొడిలో పొర్లించి వేయించిన పల్చటి మాంసం ముక్క. వీనర్ ష్నిట్జెల్ అని మెనూలో ఉత్తినే రాసి ఉంటే అది దూడమాంసం. పందిమాంసంతో చేస్తే ఆ మాట విడిగా రాయాలి, లేదా 'వీనర్ ఆర్ట్' అని రాస్తారు. మీకు కావలసింది కోడి ష్నిట్జెల్, లేదంటే బాక్‌హెండ్ల్, అంటే బ్రెడ్ పొడిలో పొర్లించి వేయించిన కోడి. గులాష్, టాఫెల్‌ష్పిట్స్ రెండూ బీఫే, అవి తెలిసిన సంగతే. అసలు మోసమంతా సూపులో ఉంది. ఫ్రిటాటెన్ సూప్ అని ఉంటుంది. తేటగా ఉన్న రసంలో దోసెను సన్నగా రిబ్బన్లలా కోసి వేసినట్టు కనబడుతుంది, ముక్కలేవీ ఉండవు. చూసేవాళ్లు శాకాహారం అనుకుంటారు. ఆ రసం ఎముకలతో గంటలకొద్దీ కాచిన బీఫ్ రసం. రవ్వ ఉండలు వేసే గ్రీస్‌నోకెర్ల్ సూపు కూడా అంతే. మా అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని "చారు బాగుందిరా" అన్నాక నాకు వెలిగింది. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

మీరు వెళ్లేది గుమ్మడికాయల కాలం. చిక్కటి గుమ్మడి సూపు ప్రతిచోటా ఉంటుంది, పైన ముదురాకుపచ్చ గుమ్మడిగింజల నూనె చుక్కలుగా వేస్తారు. నువ్వులనూనెలా ఘాటైన వాసన, స్టిరియా ప్రాంతం దానికి పేరు. దీనికి ఏ రసం వాడారో ఒకమాట అడిగి తీసుకోండి. తీపిలో కైజర్‌ష్మార్న్ అడగండి, మందంగా పోసిన పాన్‌కేకుని చించి, పంచదార పొడి చల్లి, పండ్ల ముద్దతో ఇస్తారు. ఒక్కరికి అది భోజనమే, ముందు ఇంకేమీ చెప్పకండి.

శుక్రవారం మధ్యాహ్నం దిగగానే తినాలంటే చాలా చోట్ల పనిరోజుల మధ్యాహ్నాలకి 'మిట్టాగ్స్‌మెన్యూ' ఉంటుంది, సూపూ ఒక ప్లేటూ కలిపి తక్కువ ధరకి. ఆ టైములో ఆఫీసువాళ్లు ఒక్కొక్కరే వచ్చి తిని పోతుంటారు, మీరు వాళ్లలో కలిసిపోతారు. బిల్లు ఇచ్చేటప్పుడు టిప్పు బల్ల మీద వదలరు. 13.60 అయితే "15" అని మీరే నోటితో చెప్పాలి, మిగతాది వాళ్లే తిరిగిస్తారు. ఇంకా మొహమాటంగా ఉంటే డొరోతేయర్‌గాస్సెలో ట్షెస్నియెవ్‌స్కీ ఉంది. పలకలేకపోయినా పర్లేదు, అద్దాల వెనక ఉన్నవి వేలితో చూపిస్తే చాలు. వేలెడు రొట్టె ముక్కల మీద గుడ్డు, మిరప, కీరా, చేప లాంటి ముద్దలు పూసి ఉంటాయి. మూడు నాలుగు తీసుకుని నిలబడి తినేయడమే.

వీధి మూలల్లో సాసేజీ బడ్డీలూ ఒంటరివాళ్లవే. ఆపెరా నుంచి పట్టుచీరలాంటి గౌన్లలో వచ్చేవాళ్లు, టాక్సీడ్రైవర్లు పక్కపక్కన నిలబడి తింటారు. లోపల చీజ్ పెట్టిన క్రైనర్‌కి పేరు, కానీ ఏ మాంసమో అడగండి, కొన్నింటిలో బీఫ్ కలుస్తుంది. మొదటి కొరుకు నెమ్మదిగా. లోపలి చీజ్ మరిగి ఉంటుంది, చిమ్మితే చొక్కాతో పాటు పక్కవాడి చొక్కా కూడా పోతుంది.

శుక్రవారం సాయంత్రం ఆపెరాకి వెళ్లండి. ఆపెరా మీకు పడుతుందా అన్నది తర్వాత. నిలబడి చూసే టికెట్లు ప్రదర్శన రోజునే అమ్ముతారు, 20 యూరోల లోపే. ఆన్‌లైన్లో దొరక్కపోతే వాటికి విడిగా ఉన్న కౌంటర్ దగ్గర ఆట మొదలవడానికి గంటన్నర, రెండు గంటల ముందు వరసలో నిలబడండి. లోపలికి వెళ్లగానే అందరూ ఏం చేస్తారో చూడండి: ముందున్న కమ్మీకి స్కార్ఫ్ ముడేసి బయటికి వెళ్లిపోతారు. ఇక ఆ చోటు వాళ్లదే, ఎవరూ ముట్టుకోరు. మన బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం చూసిన కళ్లకి అది ఎంత సొంతంగా అనిపిస్తుందో. కాబట్టి స్కార్ఫ్ మర్చిపోవద్దు. కోటు మాత్రం క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయాలి. కమ్మీ మీద చిన్న తెరలో ఇంగ్లీషులో మాటలు వస్తాయి. నచ్చకపోతే విరామంలో బయటికొచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. వీధుల్లో తెల్లవిగ్గు పెట్టుకుని మోజార్ట్ వేషంలో కచేరీ టికెట్లు అమ్మేవాళ్లని మాత్రం దాటిపొండి. మొదటి ఏడాది నేను ఒకతని దగ్గర కొని, ఆపెరాకి అనుకుంటూ ఎక్కడో ఒక చిన్న హాల్లో తేలాను. ఇచ్చిన డబ్బుకి మూడుసార్లు నిజమైన ఆపెరా చూసేవాడిని.

మ్యూజియంలలో ఒక్కటే అయితే కున్స్ట్‌హిస్టోరిషెస్ అనే కళల మ్యూజియం. సోమవారాలు చాలా మ్యూజియంలు మూస్తారు కానీ మీకు ఆ బాధ లేదు. లోపలికి వెళ్లాక ఈజిప్టు మమ్మీల దగ్గర ఆగిపోకుండా నేరుగా పై అంతస్తుకి, పీటర్ బ్రూగెల్ గదికి వెళ్లండి. ప్రపంచంలో ఆయన చిత్రాలు ఒకేచోట ఇన్ని ఇంకెక్కడా లేవు. అందరూ మంచులో వేటగాళ్ల బొమ్మ దగ్గర గుమిగూడతారు. మీరు దాని తోబుట్టువు ముందు నిలబడండి, 'మందలు తిరిగి రావడం' అనే చిత్రం. ఏడాదిలోని కాలాల మీద 1565లో ఆయన వేసిన వరసలో ఇది శరత్తుది. కొండ మీది మేతలో నుంచి ఆవులు ఊళ్లోకి దిగుతున్నాయి, చాలావాటి వెనకభాగాలే మనవైపు. చెట్లకి ఆకుల్లేవు, ఒక పక్కనుంచి నల్లమబ్బు కమ్ముకొస్తోంది, తోలేవాళ్ల నడుముల వంపులోనే వాన వచ్చేలోపు ఇల్లు చేరాలన్న తొందర తెలుస్తుంది. నేను అక్కడ బెంచీ మీద అరగంట కూర్చున్న రోజులున్నాయి. పక్కన మనిషి ఉంటే ఇది కుదరదు, వాళ్లకి కాఫీ గుర్తొస్తుంది.

క్లిమ్ట్ వేసిన 'ముద్దు' చిత్రం చూడాలనుకుంటే అది ఎగువ బెల్వెడెర్ ప్యాలెస్‌లో ఉంది, హౌప్ట్‌బాన్‌హోఫ్ అనే ప్రధాన రైల్వే స్టేషన్‌కి నడిచే దూరం. తెరవగానే వెళ్తే కనబడుతుంది, పదకొండింటికి వెళ్తే దాని ముందు ఎత్తిన ఫోన్లు కనబడతాయి. షోన్‌బ్రున్ ప్యాలెస్ లోపలి గదులు వదిలేయండి. తోటలోకి ఉచితం, కొండ మీది గ్లోరియెట్ మండపం దాకా ఎక్కి వెనక్కి తిరిగి చూడండి, చాలు. స్టెఫాన్ చర్చి దక్షిణ గోపురానికి 343 మెట్లు, మెట్లదారి ఇరుకు, మోకాళ్లని బట్టి మీ ఇష్టం.

ఎండ వచ్చిన రోజు మాత్రం, అది శనివారమైనా ఆదివారమైనా, అన్నీ మానేసి డి నంబరు ట్రామ్ ఎక్కి చివరి స్టాపు నుస్‌డోర్ఫ్‌లో దిగండి. శనివారమైతే పొద్దున నాష్‌మార్క్ట్ పక్కన పాత సామాన్ల సంత చూసి వెళ్లొచ్చు. నుస్‌డోర్ఫ్‌లో ట్రామ్ దిగినచోటే ఊరి ఒకటో నంబరు నడకదారి మొదలవుతుంది, మొత్తం 11 కిలోమీటర్లు. కొంచెం దూరం వాగు పక్కన, బీథోవెన్ నడిచిన దారి అంటారు, ఆ తర్వాత ద్రాక్షతోటల మధ్య ఎక్కుడు. మీరు వెళ్లే వారానికి ఆకులు పసుపు, ఇటుకరంగు కలిసి ఉంటాయి, కోతలు చాలావరకు అయిపోయినా అక్కడక్కడా గుత్తులు మిగిలి ఉంటాయి. కోసుకోకండి, అవి ఎవరివో. కింద డాన్యూబ్ నది, దాని పక్కన ఊరంతా. ఒక దేశ రాజధాని హద్దుల లోపలే వందల హెక్టార్ల ద్రాక్షతోటలు ఉండడం లోకంలో అరుదు. పైన 484 మీటర్ల కాలెన్‌బెర్గ్ కొండ చేరాక దిగడానికి 38ఏ బస్సు ఉంది, కాళ్లని శిక్షించనక్కర్లేదు.

ఆ దారిలో, మంచి వాతావరణం ఉన్న వారాంతాల్లో తోటల మధ్యే బల్లలు వేసి వైన్ పోస్తారు. అది కాకపోతే కింద నుస్‌డోర్ఫ్‌లోనో గ్రిన్‌సింగ్‌లోనో హోయ్‌రిగర్‌కి వెళ్లండి. తోట ఉన్నవాడు తన వైన్ తానే అమ్ముకునే చోటు అది, 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన అనుమతి నుంచి వస్తున్న ఏర్పాటు. గుమ్మానికి పచ్చటి కొమ్మల గుత్తి కట్టి ఉంటే తెరిచినట్టు. ఒంటరివాళ్లకి ఇది ఎందుకు హాయి అంటే, తిండి మీరే కౌంటర్ దగ్గరికి వెళ్లి చూసి తెచ్చుకుంటారు, తాగేది మాత్రం బల్ల దగ్గరికి తెస్తారు. పొడుగాటి చెక్క బల్లలు, జాగా లేకపోతే ఎవరి పక్కనైనా "ఖాళీయేనా" అని అడిగి కూర్చోవచ్చు. లిప్టావర్ అని ఎర్రటి కారపు చీజ్ ముద్ద ఉంటుంది, నల్లరొట్టెతో తినండి. నగదు ఉంచుకోండి, చిన్నచోట్ల కార్డు తీసుకోరు.

తాగే అలవాటుంటే ష్టుర్మ్ అడగండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో తప్ప దొరకదు. ద్రాక్షరసం వైన్ కావడానికి బయల్దేరి దారిలో ఉన్న స్థితి. మడ్డిగా, బుడగలతో, తియ్యగా ఉంటుంది. తాటికల్లు తెలిసినవాళ్లకి ఒక్క మాటలో అర్థమవుతుంది: పొద్దున దించింది మధ్యాహ్నానికి ఎలా మారుతుందో ఇదీ అలాగే మారుతూ ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని రెండో పెద్ద గ్లాసు చెప్పకండి, లేచి నిలబడ్డాకే అది తన సంగతి చెబుతుంది, పొట్ట కూడా తర్వాత మాట్లాడుతుంది. సీసాల్లో కూడా అమ్ముతారు, మూత గట్టిగా ఉండదు, గాలి పోవాలి కాబట్టి. అది తెలియక నేను ఒకసారి సీసాని బ్యాగులో పడుకోబెట్టి ట్రామ్ ఎక్కాను. నాలుగు స్టాపులు దాటాక ఎదుటి సీటు పెద్దావిడ నా బ్యాగు కిందికి వేలు చూపించింది. ట్రామ్ నేల మీద జిగటగా ఒక పాయ, డ్రైవర్ క్యాబిన్ వైపు పారుతోంది. ఆ స్వెటర్ ఎన్నిసార్లు ఉతికినా కల్లు దుకాణం వాసన పోలేదు. తాగనివాళ్లకి అవే తోటల ద్రాక్షరసం ఉంటుంది, నిజానికి అదే ఎక్కువ రుచి.

ఇప్పుడు శ్మశానం. ఆదివారం దుకాణాలు, సూపర్ మార్కెట్లు అన్నీ మూత, పెద్ద స్టేషన్లలోవి తప్ప. మబ్బుగా ఉంటే 71 నంబరు ట్రామ్ ఎక్కి సెంట్రల్ శ్మశానం రెండో గేటు దగ్గర దిగండి. ఎవరైనా పోతే వియన్నావాళ్లు "71 ఎక్కాడు" అంటారు. 1874లో తెరిచిన ఈ శ్మశానంలో దాదాపు 30 లక్షల మంది ఉన్నారు, ఊళ్లో బతికున్నవాళ్లకంటే ఎక్కువ. బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ దగ్గర దగ్గరగా ఉంటారు, మోజార్ట్‌ది అక్కడ ఉన్నది స్మారకం మాత్రమే. నవంబరు 1 సర్వ పునీతుల పండుగ దగ్గర పడుతుంటుంది కాబట్టి సమాధులు కడిగి, చామంతులు పెట్టి, ఎర్రగాజు దీపాలు వెలిగిస్తుంటారు. చామంతి వాసన, తడి ఆకులు, అక్కడక్కడా జింకలు. అదృష్టముంటే నేలలో బొరియల దగ్గర అడవి హ్యామ్‌స్టర్ కూడా కనబడుతుంది, దీపాల్లో మైనం తినే దొంగ అది. అక్టోబరు ముదిరేకొద్దీ నిద్రకి వెళ్లిపోతుంది.

తిరిగొచ్చే దారిలో ఎక్కడ పొగ కనిపిస్తే అక్కడ మరోనీ కొనుక్కోండి. ఇనప పెనం మీద కాల్చిన చెస్ట్‌నట్లు, కాగితం పొట్లంలో ఇస్తారు. కాల్చిన పనసగింజకీ చిలగడదుంపకీ మధ్య రుచి. పొట్లం కోటు జేబులో పెట్టుకుంటే చేతులు వెచ్చగా ఉంటాయి, కానీ చల్లారాక లోపలి పొర ఊడిరాదు, కాబట్టి నడుస్తూ వేడిమీదే ఒలుచుకోవాలి.

బస ఆరో, ఏడో డిస్ట్రిక్ట్‌లో మెట్రో దగ్గర చూసుకోండి, లేదంటే హౌప్ట్‌బాన్‌హోఫ్ దగ్గర, సామాను మోసే బాధ తప్పుతుంది. భద్రత గురించి మీ అమ్మగారికి చెప్పొచ్చు: శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది, ఆపెరా అయ్యాక ఒక్కరే వెనక్కి రావడం నాకు తెలిసిన ఆడవాళ్లందరూ చేసేదే. రద్దీ ట్రామ్‌లో బ్యాగు ముందుకి వేసుకుంటే సరి. సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి, గాలి చల్లగా కొడుతుంది, పల్చటివి రెండు మూడు పొరలుగా వేసుకోండి.

తిరుగు రైల్లో పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ కార్డు చేతికందేలా పెట్టుకోండి, సరిహద్దు దాటాక పోలీసులు ఎక్కి అడుగుతుంటారు. మ్యూనిక్‌కి నాలుగు గంటలు. ఆఫీసువాళ్లకి ష్టుర్మ్ సీసా తీసుకెళ్తుంటే కాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకోండి, పై అరలో పెట్టకండి.